కుక్క కరిస్తే తప్పు ఎవరిది? జాతిదా, పెంచినవాడిదా?



మన ఛానల్లో ఆదిపర్వం తొలి భాగం వీడియోకి స్క్రిప్టు రాస్తున్నప్పుడు సరమ కథ దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. ఎందుకు ఆగిందో వీడియోలో చెప్పలేదు. ఇక్కడ చెప్తాను.

ముందు కథ. జనమేజయుడు కురుక్షేత్రంలో సత్రయాగం చేస్తున్నాడు. దేవతల కుక్క అయిన సరమ కొడుకు అటు వచ్చాడు. రాజు తమ్ముళ్లు వాణ్ణి కొట్టారు. వాడు ఏడుస్తూ తల్లి దగ్గరికి పోయాడు. సరమ వెంటనే రాజు మీదికి వెళ్లలేదు. "నువ్వేదో తప్పు చేసే ఉంటావు" అని ముందు తన బిడ్డనే అడిగింది. హవిస్సు వైపు చూడలేదు, నాకలేదు అని వాడు చెప్పాకే వెళ్లి రాజును నిలదీసింది. జవాబు రాలేదు. తప్పు లేనివాణ్ణి కొట్టారు కాబట్టి మీకు ఊహించని భయం వస్తుంది అని శపించింది.

ముందు తన బిడ్డను అడిగింది, చూడండి. నేను ఆ పని చేయలేదు.

2021లో, కరోనా రెండో వేవ్ అప్పుడు, ఇంటి నుంచే పని. మా ఆవిడా నేనూ ఒక రాట్‌వైలర్ పిల్లను తెచ్చుకున్నాం. కాలభైరవుడి వాహనం కదా అని భైరవ అని పేరు పెట్టాం. ఆ నెలల్లో మా ఇంటికి ఎవరూ రాలేదు, మేమూ ఎక్కడికీ పోలేదు. రెండేళ్లకు ఆఫీసులు పిలిచాయి. పొద్దున తొమ్మిదికి భైరవను బాల్కనీలో కట్టేసి వెళ్తే రాత్రి ఎనిమిదికి వచ్చేవాళ్లం. కొత్తవాళ్లను చూసి గుర్రుమంటే కొట్టేవాణ్ణి. కొన్నాళ్లకు గుర్రుమనడం మానేసింది. దారికొచ్చిందని సంతోషపడ్డాను.

ఒక ఆదివారం దాన్ని కిందికి తీసుకెళ్లి, ఫోన్ వస్తే గొలుసు వదులుగా పట్టుకుని మాట్లాడుతున్నాను. వాచ్‌మన్ కొడుకు, ఎనిమిదేళ్లవాడు, బాల్ కోసం పరుగెత్తుకుంటూ వచ్చాడు. భైరవ గుర్రుమనలేదు. చేతిని పట్టేసింది. నా నోటి నుంచి మొదట వచ్చిన మాట: "నువ్వేం చేశావురా?"

గాయాన్ని సబ్బుతో చాలాసేపు కడిగి ఆస్పత్రికి తీసుకెళ్లాం. కుట్లు, ఇంజెక్షన్లు. ఖర్చంతా నేనే పెట్టుకున్నాను. కానీ అపార్ట్‌మెంట్ మీటింగులో అందరూ అడిగితే, "జాతి అలాంటిది సార్, రక్తంలోనే ఉంది" అన్నాను. అందరూ ఒప్పుకున్నారు. 2024 మార్చిలో కేంద్ర పశుసంవర్ధక శాఖ 23 జాతుల కుక్కల అమ్మకం, పెంపకం ఆపమని రాష్ట్రాలకు లేఖ రాసింది. ఆ జాబితాలో రాట్‌వైలర్ ఉంది. ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు ఆ లేఖను కొట్టేసిందన్న సంగతి ఆ రోజు ఎవరూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. జాతిని తిడితే నేను తప్పించుకుంటాను కదా!

జీన్స్‌లో ఏమీ లేదనడం అబద్ధం. 1959లో రష్యాలో బెల్యాయెవ్ అనే శాస్త్రవేత్త నక్కల్లో సాధువైనవాటినే ఎంచి పిల్లల్ని పెట్టించడం మొదలుపెట్టాడు. కొన్ని తరాలకే అవి మనుషుల దగ్గర తోకాడించాయి. అదే చోట కోపిష్టి నక్కల వంశాన్ని కూడా పెంచారు. రక్తం పనిచేస్తుంది, కానీ అక్కడ ఎంపిక చేసింది మనిషే. మరోవైపు, 2022లో సైన్స్ పత్రికలో వచ్చిన పరిశోధనలో 18 వేలకు పైగా కుక్కల వివరాలు చూస్తే, ఒక కుక్కకూ ఇంకో కుక్కకూ ప్రవర్తనలో ఉండే తేడాలో జాతి వాటా దాదాపు 9 శాతమే. జాతిని బట్టి గట్టిగా మారేది దెబ్బ తీవ్రత. పొమరేనియన్ కరిస్తే గాటు, నలభై కిలోల కుక్క కరిస్తే ప్రాణం మీదికి. అంటే పెద్ద జాతిని తెచ్చుకున్నవాడి బాధ్యత ఇంకా పెరగాలి కానీ, తగ్గదు కదా.

బ్రిటన్ 1991లో పిట్ బుల్‌తో కలిపి మొత్తం నాలుగు జాతులను నిషేధించింది. 2023 చివర్లో ఎక్స్ఎల్ బుల్లీని ఆ జాబితాలో కలపాల్సి వచ్చింది. ఒక పేరు ఆపితే మనిషి ఇంకోటి తయారుచేస్తాడు. మన భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ జాతి పేరు అడగదు. జంతువు ఎవరి దగ్గర ఉందో వాళ్లు తగిన జాగ్రత్త తీసుకున్నారా లేదా, అంతే.

వారం తర్వాత వాచ్‌మన్‌కి క్షమాపణ చెప్పబోయాను. ఆయన అన్న మాట ఇది: "కుక్కదేముంది సార్. అది దినమంతా ఒక్కతే ఉంటది. నేను కిందికెల్లి చూస్తనే ఉంట."

పద్ధెనిమిది నెలలు ఆయనకు కనిపించింది నాకు కనిపించలేదు. చిన్నప్పుడు కొత్త మనుషుల్ని చూపించలేదు, పగలంతా కట్టేశాను, "దగ్గరికి రాకు" అని అది చెప్పే ఒక్క మాటనీ కొట్టి మాన్పించాను. ఆఫీసులో సర్వర్ పడిపోతే మూలకారణం దొరికేదాకా వదలను. ఇంట్లో మాత్రం "రక్తం" అని ఫైలు మూసేశాను.

నాకు అర్థమైంది ఇదీ. ధర్మాధర్మాలు ఎంచుకోగలిగినవాడికే తప్పు అంటుతుంది. భైరవ తన జాతిని ఎంచుకోలేదు, గొలుసుని ఎంచుకోలేదు. రెండూ ఎంచుకున్నది నేనే. జాతి అనేది నాకంటే ముందు మనుషులు చేసిన పని, పెంపకం నేను చేసిన పని. రెండు వైపులా మనిషే ఉన్నాడు.

తర్వాతి మీటింగులో ఆ మాట నిలబడి చెప్పాను. ఇప్పుడు భైరవకు బాల్కనీ లేదు. పొద్దునా సాయంత్రం నడక, బయటికెళ్తే మూతికి తొడుగు, ట్రైనర్ చెప్పినట్టు మెల్లగా కొత్త మనుషుల పరిచయం. పిల్లాడి చెయ్యి మానింది. కానీ మమ్మల్ని చూస్తే వాడు ఇప్పటికీ మెట్ల వైపు తప్పుకుంటాడు. అది నా లెక్కలోనే ఉంది.

మీ ఇంట్లో కుక్క ఉంటే, ఏదైనా జరిగినప్పుడు సరమలా ముందు మన వైపు అడుగుదాం. ఏమీ జరగకముందే అడిగితే ఇంకా మంచిది.

శుభం.