జీర్ణగృహోద్ధరణము

ఆలయము శిథిలమైనప్పుడు దానిని విడిచి వేరొక చోట క్రొత్తది కట్టుకొనుడని ఆగమములు చెప్పలేదు. ఉన్నదానినే ఉద్ధరింపుడని చెప్పినవి. వైఖానసమందును పాంచరాత్రమందును జీర్ణోద్ధారణమునకు ప్రత్యేకముగ విధి కలదు. మూలబేరమందలి శక్తిని కుంభమున ఆవాహనము చేసి, బాలాలయమున నిలిపి, నిత్యారాధనము లోపింపకుండ జరుపుచు, అటుపిమ్మట మాత్రమే గోడకు గునపము తగిలింపవలెను. పని ముగిసినంతనే సంప్రోక్షణ మొనర్చి ఆ శక్తిని స్వస్థానమునకు చేర్చవలెను. తిరుమలలో పండ్రెండేండ్ల కొకమారు జరుగు అష్టబంధన బాలాలయ మహాసంప్రోక్షణము 2018 ఆగస్టు 12 నుండి 16 వరకు జరిగినది. లక్క, గుగ్గిలము, తేనెమైనము, వెన్న మొదలగు ఎనిమిది ద్రవ్యములను కలిపి దంచిన ముద్దతో బింబమునకును పీఠమునకును నడుమ నున్న సందును పూడ్చుటయే అష్టబంధనము. యాదగిరిగుట్టలో 2016 నుండి బాలాలయమున పూజలందుకొనిన శ్రీ లక్ష్మీనృసింహస్వామి 2022 మార్చి 28న ప్రధానాలయమున దర్శనమిచ్చెను. గుహలోని స్వయంభూమూర్తి కదలలేదు; చుట్టునున్న కట్టడము మాత్రమే మారినది. శ్రీరంగమున 2015లో సంప్రోక్షణముతో ముగిసిన ఉద్ధరణమునందు, తరువాతి కాలమున అడ్డముగ లేచిన కట్టడములను తొలగించుట, పూడిపోయిన వాననీటి దారులను మరల తెరచుట ముఖ్యమైన పనులైనవి. ఆ పనికి 2017లో యునెస్కో పురస్కారము లభించినది. ఉద్ధరణ మనగా చేర్చుట యొక్కటియే కాదు, అడ్డము వచ్చినదానిని తీసివేయుటయు నగునని దీనివలన తెలియుచున్నది.

ఇది దేవాలయముల మాట. గృహముల మాట యేమి?

శ్రీవైష్ణవ సంప్రదాయమున ఆచార్యుల గృహమును తిరుమాళిగ యందురు. సామాన్య గృహస్థుని యింటను పెరుమాళ్ళు వేంచేసియుండు పెట్టెకు కోయిలాళ్వారని పేరు. పెట్టెను ఆళ్వారుగ భావించిన పెద్దలు, ఆ పెట్టెను మోయు గోడను, ఆ గోడపై నిలిచిన దూలమును కేవలము మన్నుగను మ్రానుగను చూచియుండరు. తాతముత్తాతల నాటి యిల్లు కలవానికి ఆ యిల్లు ఆస్తి యగుటకు ముందు కైంకర్యము. ఈ యెరుక లేనందువలననే నేడు పాత యిల్లు చాలమందికి బరువుగ తోచుచున్నది.

బరువు కాదని యెవరు చెప్పగలరు? గోదావరి మండలములలోని మండువా లోగిలి నొకదానిని తలచుకొనుడు. నడుమ ఆకాశమునకు తెరచిన మండువా, చుట్టు నాలుగు వైపుల వసారాలు, ఆ వసారాలను మోయు టేకు స్తంభములు, పైన కూనపెంకులు. వాన కురిసినపుడు నాలుగు చూరుల నీరును మండువాలోనికి దిగి, తూము గుండ వీధిలోనికి పోవలెను. ఆ తూములో ఒక యేడు ఆకులు పేరుకొన్నచో నీరు గోడ మొదట నిలుచును. రెండేండ్లు నిలిచినచో గోడ ఉప్పుపట్టి పొరలు పొరలుగ రాలును. పెంకుపై కోతి దుమికినచో రెండు పెంకులు పగులును. ఆ రెండు పెంకుల సందున కారిన నీరు వాసమును త్రాగి, వాసమునుండి దూలపు కొనకు చేరును. చూపునకు కానవచ్చునప్పటికి దూలము లోపల గుల్లయై యుండును. అందుచేత పాత యింటిని బాగుచేయ దలచినవాడు మొదట పైకప్పును, నీటిదారిని చూడవలెను. రంగులు, చలువరాళ్ళు తరువాతి మాట. ఈ వరుసను తలక్రిందులు చేసి చెడిపోవువారే యెక్కువ.

సున్నమును గూర్చి రెండు మాటలు. పూర్వపు గోడలకు గానుగలో త్రిప్పిన సున్నమును, బెల్లపు నీటిని, కరక్కాయ ఊటను వాడెడివారు. సున్నపురాతిని నిప్పున కాల్చినచో ప్రాణము పోయినదానివలె తెల్లబడి పెళుసగును. నీరు పోసినచో బుసకొట్టి చల్లారును. గోడపై పూసిన పిమ్మట గాలిలోని బొగ్గుపులుసు వాయువును మెల్లమెల్లగ గ్రహించి మరల రాయి యగును. నిప్పు, నీరు, గాలి యను మూడు భూతముల చేతులు దాటి మొదటి స్వరూపమునకే చేరుట సున్నపు స్వభావము. ఆ గోడ తడిని పీల్చును, ఎండకు విడుచును. దానిపై సిమెంటు దట్టించినచో లోపలి తడి వెలికి రాలేక, సిమెంటు గట్టిగనే యుండగా దాని వెనుకనున్న యిటుక పిండియగును. ఏ ద్రవ్యముతో కట్టినదో ఆ ద్రవ్యముతోనే, లేదా అంతకు మేలైనదానితోనే బాగుచేయవలెనని శిల్పశాస్త్రములు చెప్పినది ఊరక కాదు. సున్నపుపని తెలిసిన తాపీమేస్త్రి దొరకుట నేడు మంచి ముహూర్తము దొరకుటకంటె కష్టము. దొరికినచో ఆయన చెప్పినన్నాళ్ళు ఆగవలెను. సున్నము తొందరపడువాని సొమ్ము కాదు.

ఇక పాత యింట మనుష్యు లొక్కరే కాపురముండరు. వాసములలో ఎలుకలు, గోడ సందులలో తేళ్ళు, దూలములలో చెదలు, చూరులో పిచ్చుకలు. గృహస్థునకు పొయ్యి, తిరుగలి, చీపురు, రోలు, నీటికుండ యను ఐదును హింసాస్థానములని స్మృతులు చెప్పి, ఆ పాపనివృత్తికి పంచమహాయజ్ఞములను విధించినవి. ఇల్లు విప్పి బాగుచేయునపుడు జరుగు హింస ఈ ఐదింటికంటె పెద్దది. భాగవతము సప్తమస్కంధమున నారదుడు ధర్మరాజునకు గృహస్థధర్మములు చెప్పుచు, ఇంట తిరుగు ఎలుకలను, పాములను, పక్షులను, ఈగలను సైతము బిడ్డలవలె చూడుమని యుపదేశించినాడు. మరి చెదపురుగును బిడ్డగ చూచినచో దూలము నిలుచునా? నిలువదు. పెద్దలు దీనికి మధ్యమార్గము నేర్పిరి. చూరున పక్షి గ్రుడ్లు పెట్టియున్నంతకాలము ఆ వైపు పని నిలుపుట, పామును చంపక సాగనంపుట, చెదలు పట్టక మునుపే కలపకు ఏటేట నూనె పూయుట. చెదలు పట్టిన పిమ్మట చేయు హింసకు మూలము అంతకుముందటి సోమరితనమే గాని చెదపురుగు కాదు.

కోనసీమలోని ఒక అగ్రహారమున ఇట్టి గృహ మొకటి కలదు. 1996 నవంబరు 6వ తేదీ నాటి తుఫాను దాని పడమటి వసారా కప్పును ఎగురగొట్టినది. నాడు రేకులు కప్పి, తరువాత చూతమనుకొనిరి. ఇరువదియేండ్లు దాటినను ఆ తరువాత రాలేదు. తల్లి బ్రదికియున్నన్నాళ్ళు ఎవరును ఇంటి మాట కదపలేదు. ఆమె పరమపదించిన యేడాదికి ఆబ్దికమునకు ముగ్గురు కుమారులును చేరిరి. పెద్దాయన భాగ్యనగరమున, చిన్నాయన అమెరికాలో నుందురు. నడిమి యాయన బడిపంతులుగ పనిచేసి విరమించి ఆ యింటనే యున్నాడు. సాలగ్రామములకు తిరువారాధనము ఆయనదే. అప్పటికే పాతకలప వర్తకు డొకడు వచ్చి, స్తంభములకును పెరుమాళ్ళ గది తలుపులకును వెల గట్టి పోయినాడు.

పెద్దాయన అనెను: “తమ్ముడూ, దీనిమీద పోయు సొమ్ముతో నీ మనుమరాలి చదువు పూర్తియగును. పడగొట్టి స్థలము అమ్మివేయుదము. నీవు ఎక్కడ నుండిన పెరుమాళ్ళు అక్కడ ఉందురు గదా?”

ఈ మాట శాస్త్రవిరుద్ధము కాదు. సాలగ్రామమునకు ప్రతిష్ఠ యక్కరలేదు. స్వామి అందు స్వయముగ నిత్యసన్నిహితుడు. ఒక గదినుండి మరియొక గదికి, ఒక యూరినుండి మరియొక యూరికి వేంచేపు చేయించుటకు దోషము లేదు. ఆరాధనము లోపింపకుండిన చాలును. ఇంతమాత్రము చేత పాత యింటిని అమ్ముకొనువారందరు భ్రష్టులని నిందించుట తగదు. చూచువారు లేక మొండిగోడలై నిలుచుటకంటె, మరియొక గృహస్థుడు వచ్చి దీపము పెట్టుటయే మేలు.

నడిమి యాయన శాస్త్రము జోలికి పోలేదు. “అన్నయ్యా, పెరుమాళ్ళను గూర్చి నాకు బెంగ లేదు. అమ్మ చివరి నాళ్ళలో మండువా ప్రక్కన పడుకొని, ఆ గది తలుపు తెరచియుంచుమని యడుగుచుండెడిది. ఆ తలుపును ఎవరికి ఎంతకు అమ్ముదుము?” అనెను.

కొంతసేపు ఎవరును పలుకలేదు. గోడలు చూచుటకు పిలిపించిన మేస్త్రి అరుగుమీద కూర్చుండి యుండెను. చిన్నాయన ఆయన నడిగెను. మేస్త్రి చెప్పెను: “ఇల్లంతా చెడలేదండి అయ్యగారూ. పడమర పోయిందండి. తూర్పు, మండువా, దేవుడి గది గట్టిగా ఉన్నాయి. పోయినదాన్ని పోనివ్వండి. అందులో బాగున్న కలప ఇటు వాసాలకు సరిపోద్దండి.”

అట్లే జరిగినది. పడమటి భాగమును విప్పిరి. నడిమి యాయన తన వంతు కొబ్బరితోటలో కొంత అమ్మెను. మనుమరాలి చదువునకు చిన్నాయన కొంత పంపెను, తక్కినది అప్పు. పెద్దాయన సమ్మతించెను గాని సంతసింపలేదు. పని జరిగిన కాలమంతయు ఉత్తరము వ్రాయలేదు. మరుసటి ఆబ్దికమునకు వచ్చినపుడును ఇంటిని గూర్చి ఏమియు ననలేదు. ఆ రాత్రి మాత్రము తల్లి పడుకొనిన చోటనే చాప వేసికొని పడుకొనెను.

ఇట్టి ప్రేమ ముదిరి బంధమగునను భయమును పెద్దలకు లేకపోలేదు. పట్టుపురుగు తన నోటి దారముతో తానే గూడు కట్టుకొని వెలికి రాలేక పోవునట్లు గృహస్థుడు చిక్కుకొనునని ప్రహ్లాదుడు దైత్యబాలురకు చెప్పినాడు. ఏకాదశస్కంధమున అవధూత పామును గురువుగ చెప్పినాడు. పాము తనకై యిల్లు కట్టుకొనదు, పరులు కట్టినదానిలో సుఖముగ నుండును. ఇల్లు కట్టువానికి అది పరిహాసముగ తోచవచ్చును. కాని పాత యింటి వారసుడును ఒక విధముగ ఆ పాము వంటివాడే. కట్టినవాడు ముత్తాత, ఉండువాడు తాను. ఆ స్కంధముననే గృహస్థుడు తన యింట అతిథివలె నుండవలెనని భగవానుడు ఉద్ధవునకు చెప్పినాడు. క్రొత్త యింటివానికి ఈ మాట తలకెక్కుట కష్టము. ద్వారబంధముపై తాను చెక్కింపని శంఖచక్రములను, గడపపై తాను తొక్కి అరుగగొట్టని పల్లమును దినదినము చూచువానికి వేరుగ ఉపదేశము కావలెనా? శిథిలమగుచున్నదని తెలిసియు చూడనట్లుండుట వైరాగ్యము కాదు. అతిథియైనను తాను పడుకొనిన మంచమును విరుగనీయడు.

పాత యిండ్లు ఇరుకు, చీకటి యని నేటివారి ఫిర్యాదు. నిజమే. అయినను తిరుక్కోవలూరి కథను శ్రీవైష్ణవు లెవరును మరువరాదు. వానరాత్రి ఒక యింటి నడవలో పొయిగై ఆళ్వారు పడుకొనియుండిరి. పూదత్తాళ్వారు వచ్చి చోటడిగిరి. ఒకరు పడుకొను చోట ఇరువురు కూర్చుండవచ్చు నని లేచిరి. పేయాళ్వారు వచ్చిరి. ఇరువురు కూర్చుండు చోట మువ్వురు నిలువవచ్చు నని మువ్వురును నిలిచిరి. అంతట నాలుగవవా డెవరో వచ్చి త్రోయుచున్నట్లు తోచినది, కంటికి కానరాలేదు. అప్పుడు మొదటి ఇరువురు వెలిగించిన దీపములే మొదటి రెండు తిరువందాదులు. ఆ వెలుగున కనబడినవాడు సాక్షాత్ శ్రీమన్నారాయణుడు. నేటికిని అచటి స్వామిని దేహళీశుడని కొలుతురు. దేహళి యనగా ఇంటి గడప. విశాలమైన హాలు కట్టి, అందు నలుగురు నాలుగు మూలల తమ తమ తెరలు చూచుకొనుచు, పెరుమాళ్ళకు మెట్లక్రింద చెక్కపలకతో గూడు చేయించినవారి యింట ఆ నాలుగవవాడు ఎక్కడ నిలుచును?

బాగుచేసిన యింట మరల ప్రవేశించుటకును శాస్త్రము కలదు. క్రొత్త యింట చేరుట అపూర్వప్రవేశము. యాత్ర ముగించి తిరిగి చేరుట సపూర్వము. అగ్ని మొదలగు ఉపద్రవములచే చెడిన యింటిని బాగుచేసికొని చేరుట ద్వంద్వప్రవేశము. ఈ మూడవదానికిని వాస్తుపూజ తప్పక చేయవలెను. పని జరుగుచున్నన్నాళ్ళు కోయిలాళ్వారును దుమ్ముపడని గదిలో, వీలుకానిచో బంధువుల యింట, వేంచేపు చేయించి ఆరాధనము నిలువకుండ చూచుకొనవలెను. ప్రతిష్ఠ జరిగిన విగ్రహములున్నచో కదల్చుటకు ముందు తమ ఆచార్యుల నడుగవలెను. ప్రవేశదినమున పెరుమాళ్ళు ముందు, పూర్ణకుంభమును దీపమును వెంట, గృహస్థులు ఆ వెనుక. తదీయారాధనమునకు మునుపు తాపీమేస్త్రికిని, వడ్రంగికిని, పెంకు నేసినవారికిని వస్త్రతాంబూలములిచ్చి, ఏ దూలము మార్చిరో, ఏ గోడకు ఏమి పూసిరో వారి నోటనే విని ఒక పుస్తకమున వ్రాసి, ఆ పుస్తకమును పెరుమాళ్ళ గది గూటిలో ఉంచవలెను. తరువాతి తరమువారు నిచ్చెన వేసి పైకప్పు ఎక్కు నాటికి అది కావలసివచ్చును.