తెలిసియు త్రాగుటేల?

ఇష్టము లేకపోయినను, ఎవరో బలవంతపెట్టినట్లు, మనుష్యుడు పాపమేల చేయుచున్నాడని గీత మూడవ అధ్యాయమున అర్జునుడు ప్రశ్నించెను. పాపమేదో ఎరుగనివాని ప్రశ్న కాదిది, ఎరిగినవానిది. మద్యపాన విషయమున ఆ ప్రశ్న నేటికిని తీరలేదు.

అమెరికాలో కళాశాలలందు క్రొత్తగా చేరు విద్యార్థులకు మద్యము వలని కీడును కంప్యూటరు ద్వారా బోధించు పద్ధతి కలదు. ‘ఆల్కహాల్ ఎడ్యు’ అను పాఠము వానిలో పేరుగాంచినది. విద్యార్థి తన అలవాట్లను గూర్చిన ప్రశ్నలకు జవాబులిచ్చును. తోడివారందరు విచ్చలవిడిగా త్రాగుచున్నారని అతడు భ్రమపడియుండును. నిజమైన లెక్క చూపి యంత్రము ఆ భ్రమను తొలగించును. “అందరును చేయుచున్నారు గదా!” అను మాట ఎందరి పతనమునకు తొలిమెట్టో పెద్దలెరుగుదురు. పైగా తండ్రితో చెప్పలేని నిజమును యంత్రముతో సిగ్గుపడక చెప్పవచ్చును. ఇది చిన్న మేలు కాదు.

30 విశ్వవిద్యాలయములలో ఈ పాఠమును పరీక్షించి 2011లో ఫలితములను ప్రకటించిరి. పాఠము చెప్పినచోట మొదటి అర్ధసంవత్సరమున త్రాగుడు కొంత తగ్గెను. తరువాతి అర్ధభాగమున ఆ తేడా నిలువలేదు. విద్యార్థులు పాఠమును మరచిరా? కాదని నా తలంపు. కామమునకు ఇంద్రియములు, మనస్సే కాక బుద్ధియు నివాసమేనని శ్రీకృష్ణుడు అర్జునునకు చెప్పెను. బుద్ధికి మాత్రమే చెప్పిన పాఠము శత్రువు కాపురమున్న ఇంటిలోనే దాచిన ధనము వంటిది. ద్వారకలో మద్యము కాచువానిని బంధువులతో సహా కొరత వేయుదుమని చాటించినట్లు మౌసలపర్వము చెప్పుచున్నది. అయినను యాదవులు ప్రభాసతీర్థమున త్రాగి, తుంగతో ఒకరినొకరు చంపుకొనిరి. వారికి తెలియనిదేమి?

మన నెల్లూరు జిల్లా దూబగుంటలో పాఠము వేరు విధముగా పనిచేసినది. అక్షరాస్యతా కేంద్రములలో చదువుకొనుచున్న స్త్రీలు 1992లో ఏకమై సారా అమ్మకమును అడ్డగించిరి. ఆ వృత్తాంతమే మరల వాచకములో పాఠమై ఇతర గ్రామముల స్త్రీలను కదిలించెను. 1993 అక్టోబరు 1 నుండి రాష్ట్రమున సారా నిషేధింపబడెను. (1995 నాటి సంపూర్ణ నిషేధము 1997లో సడలింపబడుట వేరు కథ.) వారు త్రాగువారు కారు, త్రాగువారి ఇల్లాండ్రు, నిజమే. కాని చదివినది కలిసి చదివిరి, మరునాడు కలిసి నడచిరి.

కంప్యూటరు పాఠము పెట్టదలచిన కళాశాలలు ఒకే వసతిగృహమున నుండువారిచే దానిని కలిసి, మరల మరల చదివించిన బాగుండును. ప్రశ్నలకు జవాబులు మాత్రము ఎవరివి వారికే ఉండవలెను.