గీత గీసినవారిపై తీర్పెవరిది?

ఒకరి ఓటు ఎవరి ఓట్లతో కలిసి లెక్కకు రావాలో తేల్చేది నియోజకవర్గపు హద్దు. 2001 జనాభా లెక్కలతో జస్టిస్ కుల్‌దీప్ సింగ్ కమిషన్ గీసిన హద్దులు నెల్లూరు తీరంలో 2009 ఎన్నికలకు అమలయ్యాయి. అల్లూరు అసెంబ్లీ స్థానం మాయమైంది. ఎస్సీలకు రిజర్వైన నెల్లూరు లోక్‌సభ స్థానం జనరల్ అయింది. ఇందులో ఎవరికైనా అన్యాయం జరిగిందనుకుంటే అడిగే చోటేది?

రాజ్యాంగం 329(ఎ) అధికరణం నియోజకవర్గాల హద్దుల చట్టాలను ప్రశ్నించే అధికారం కోర్టులకు లేదంది. 1966లో మేఘరాజ్ కొఠారి కేసులో సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. వ్యాజ్యాలతో ఎన్నికలు ఆగిపోతాయన్న భయం సబబైనదే. పైగా ఇక్కడ గీత గీసేది న్యాయమూర్తి నేతృత్వంలోని కమిషన్. అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఆ పని గెలిచిన పార్టీ శాసనసభ్యులదే. తన వ్యవహారంలో తానే తీర్పరి కాకూడదన్న సహజ న్యాయసూత్రం అక్కడ చెల్లడం లేదు. అయినా పార్టీ లాభం కోసం గీసిన హద్దులపై విచారణ ఫెడరల్ కోర్టుల పని కాదని 2019లో రూచో కేసులో అక్కడి సుప్రీంకోర్టు 5-4 తేడాతో తేల్చింది.

ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేని అధికారం, ఎంత నిష్పాక్షికులదైనా, ధర్మమనిపించుకోదు. 2024లో కిశోర్‌చంద్ర రాథోడ్ కేసులో మన సుప్రీంకోర్టు, స్పష్టంగా ఏకపక్షమైన కమిషన్ ఉత్తర్వును సమీక్షించవచ్చని చెప్పడం అందుకే మేలైన మార్పు.