కుదరదు, కూడదు

తెలుగులో కాదనడానికి రెండు మాటలున్నాయి: కుదరదు, కూడదు. శేరు గిన్నెలో రెండు శేర్ల బియ్యం పోయడం కుదరదు. ఎంగిలి చేత్తో వడ్డించకూడదు. మొదటిది వస్తువుల మాట, రెండోది మనుషుల మాట. తేడా ఇంత స్పష్టంగా ఉన్నా ఒకదాని చోట ఇంకోటి వాడటం మనకు బాగా అలవాటు. ఇంట్లో పెద్దవాళ్ళు "అదెలా కుదురుతుందమ్మా?" అన్నారంటే చాలాసార్లు దానర్థం కూడదనే. కూడదంటే ఎందుకని అడుగుతారు. కుదరదంటే వాదన అక్కడితో అయిపోతుంది.

నా ఉద్యోగంలో ఈ తేడాని యంత్రమే చెప్పేస్తుంది. కోడ్ తప్పుగా రాస్తే కంపైలర్ ఒప్పుకోదు. ఏ లైన్లో ఏది దేనితో పొసగలేదో కూడా చెప్తుంది. అదే కోడ్ రివ్యూలో "మనం ఇలా రాయం" అని సీనియర్ అంటే అది టీమ్ ఒప్పందం. దానికీ మంచి కారణం ఉండొచ్చు, కానీ మార్చుకోవచ్చు. పాత కోడ్‌లో "దీన్ని ముట్టుకోవద్దు" అని ఎవరో రాసి వెళ్ళిపోయిన కామెంట్లు మూడో రకం. అది కుదరనిదో కూడనిదో చెప్పేవాళ్ళు ఇప్పుడు లేరు. అందరూ దాని పక్కనుంచి జాగ్రత్తగా నడుస్తుంటారు. మనకు వారసత్వంగా వచ్చే నిషేధాలు ఎక్కువగా ఈ మూడో రకమే. మరి వాటిని విడదీయడం ఎలా?

జవాబు వెతకడానికి 1963 నాటి మద్రాసు మంచి చోటు. ఆ ఏడాది మద్రాసు విశ్వవిద్యాలయానికి చెందిన జి.ఎన్. రామచంద్రన్, సి. రామకృష్ణన్, వి. శశిశేఖరన్ కలిసి ప్రోటీన్ గొలుసు ఎటు వంగగలదో, ఎటు వంగలేదో లెక్కగట్టి ప్రచురించారు. అదే ఏడాది, అదే ఊళ్ళో, కృష్ణా జిల్లా కూచిపూడి నుంచి వచ్చిన వెంపటి చినసత్యం కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టారు. ఈ రెండిటికీ ఏ సంబంధమూ లేదు. కానీ ఒకటి కుదరనివాటికి గీసిన పటం. రెండోది, తరాల పాటు కూడదన్న పనికి తెరిచిన బడి. పక్కపక్కన పెట్టి చూస్తే రెండూ ఒకదాన్నొకటి వివరిస్తాయి.

ముందు పటం సంగతి. ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాల గొలుసు. ఆ గొలుసు ఎలా ముడుచుకుంటుందన్న దాని మీదే అది చేసే పని ఆధారపడుతుంది. ప్రతి కణుపు దగ్గరా గొలుసు ముఖ్యంగా రెండు బంధాల చుట్టూ తిరగగలదు. ఆ రెండు కోణాల పేర్లు ఫై, సై. ఒకదాన్ని అడ్డంగా, ఒకదాన్ని నిలువుగా వేస్తే ఆ కణుపుకి ఊహించగల భంగిమలన్నీ ఒక చదరంలో ఇమిడిపోతాయి. ప్రతి భంగిమ దగ్గరా రామచంద్రన్ బృందం వేసిన ప్రశ్న ఒక్కటే: ఇక్కడ ఏ పరమాణువు ఏ పరమాణువుని గుద్దుకుంటుంది? గుద్దుకుంటే ఆ చోటు కొట్టేశారు. అలా చదరంలో దాదాపు నాలుగింట మూడు వంతులు పోయింది. అప్పటికి వివరంగా తెలిసిన ప్రోటీన్ నిర్మాణాలు చాలా చాలా తక్కువ. ఇప్పుడు రెండు లక్షలకు పైగా ఉన్నాయి. ఈరోజుకీ కొత్త నిర్మాణాన్ని ఆ పటం మీద పెట్టి చూస్తారు. నిషిద్ధ ప్రాంతంలో చుక్కలు ఎక్కువ పడితే ముందు అనుమానించేది నిర్మాణాన్నే.

ఈ పటంలో నాకు నచ్చే గుణాలు మూడు. ఒకటి, కొట్టేసిన ప్రతి చోటికీ కారణం ఉంది. ఎవరు ఎవరిని గుద్దుకుంటారో పేరు పెట్టి చెప్పొచ్చు. రెండు, నిషేధం అందరికీ ఒకటి కాదు. గ్లైసీన్‌కి పక్క కొమ్మ లేదు, ఉన్నది ఒక్క హైడ్రోజన్ మాత్రమే. కాబట్టి మిగతావాళ్ళు వెళ్ళలేని చోట్లకి అది వెళ్తుంది. ప్రోలీన్ కొమ్మ వెనక్కి తిరిగి గొలుసుకే ముడిపడి ఉంటుంది కాబట్టి దాని స్వేచ్ఛ ఇంకా తక్కువ. మూడు, హద్దు ఒకటి కాకుండా రెండు గీశారు. మామూలుగా దాటని గీత ఒకటి, కష్టపడితే చేరగల గీత ఇంకొకటి. మన సంప్రదాయాలు ఈ మూడో మర్యాద పాటించడం అరుదు.

ఇప్పుడు కూచిపూడి. తానీషా ఇచ్చిన అగ్రహారమని ఊరివాళ్ళు చెప్పుకుంటారు. ఆ ఇళ్ళల్లో పుట్టిన ప్రతి మగపిల్లాడూ ఒక్కసారైనా సత్యభామ వేషం కట్టాలని సిద్ధేంద్ర యోగి మాట తీసుకున్నారని ఇంకో కథ. చాలా కాలం మేళాల్లో ఆడవాళ్ళు లేరు. ఆడవేషాలన్నీ మగవాళ్ళవే. ఆ వరసలో వేదాంతం సత్యనారాయణ శర్మ సత్యభామ పేరు దేశమంతా మోగింది. 1970లో పద్మశ్రీ కూడా వచ్చింది. జడ విసురు, మెడ వాలు, కోపంలో పెదవి కదిలే తీరు అన్నీ ఆయన నేర్చుకుని సాధించినవి.

తమాషా చూడండి. మగవాడు సాధన చేస్తే సత్యభామ కాగలడని రుజువు చేసిన సంప్రదాయం ఇది. అంటే ఆడనడక శరీరంతో పుట్టేది కాదని, అభ్యాసంతో వచ్చేదని తన వేదిక మీదే చూపించింది. అలాంటి సంప్రదాయం ఆడవాళ్ళు ఆడకపోవడానికి శరీరాన్ని కారణంగా ఎలా చెప్పగలదు? అక్కడ ఏ పరమాణువూ దేన్నీ గుద్దుకోవడం లేదు. అది కుదరదు వేషం వేసుకున్న కూడదు. వేదాంతం లక్ష్మీనారాయణ శాస్త్రి లాంటి గురువులు ముందే స్త్రీలకు నేర్పి ఆ వేషం తీసేశారు. చినసత్యం అకాడమీ వచ్చాక శోభా నాయుడు లాంటి శిష్యురాళ్ళే కూచిపూడికి ముఖమయ్యారు.

అయితే ఒక అభ్యంతరం ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. సమాజంలోనూ గుద్దుకోవడాలు ఉంటాయి కదా? ఒక ఊరి కుటుంబాలకు నాట్యమే జీవనాధారం అయినప్పుడు తలుపు తెరిస్తే ఆ ఆధారం పలచబడుతుంది. నిజమే. కానీ ఆ మాట బయటికి చెప్పగానే నిషేధం స్వభావమే మారిపోతుంది. "ఇది శాస్త్రం ఒప్పదు" అంటే బేరానికి చోటు లేదు. "మా బతుకు దెబ్బతింటుంది" అంటే కూర్చుని మాట్లాడుకోవచ్చు. గుద్దుకునేదేదో పేరు పెట్టి చెప్పమనడం సంప్రదాయాన్ని అవమానించడం కాదు. దాన్ని చర్చకు తగిన మనిషిలా చూడటం.

పేరు పెట్టని చోట ఏమవుతుందో కూడా ఆ నేలే చూపిస్తుంది. కూచిపూడి దగ్గర్లోనే మొవ్వ ఉంది, క్షేత్రయ్య ఊరని నమ్మే చోటు. ఆయన పదాలని తరాల పాటు పాడి, అభినయించి బతికించినవాళ్ళలో కళావంతుల స్త్రీలు ముందుంటారు. 1947 మద్రాసు దేవదాసీ చట్టం దేవుడికి అంకితమిచ్చే ఆచారాన్ని ఆపింది. దాంతోపాటు గుళ్ళలో, దేవుడి ఊరేగింపుల్లో స్త్రీల నాట్యాన్నీ చట్టవిరుద్ధం చేసింది. అంకితం ఆగాల్సిందే. కానీ ఆట ఎవరిని గుద్దుకుంది? ఆపినప్పుడు ఎవరి అన్నం పోయింది? ఆ లెక్క వేసినవాళ్ళు తక్కువ. పదహారేళ్ళ తర్వాత మద్రాసులో తెరుచుకున్న తలుపు ఎక్కువగా మధ్యతరగతి అమ్మాయిలకు తెరుచుకుంది. ఒకరికి కూడదన్నది ఎత్తేసినప్పుడు ఇంకొకరి మీద అలాగే ఉండిపోవచ్చు.

ఇంతవరకూ మా తరానికి నచ్చే మాటే చెప్పాను. దీనికి తిరగేసిన తప్పు ఇంకోటి ఉంది: నిజంగా కుదరనిదాన్ని ఉత్త కూడదుగా కొట్టిపారేయడం. అరమండి తీసుకోండి. మోకాళ్ళు పక్కలకి తెరుచుకోవాలి. ఆ తిప్పడం తుంటి కీలు దగ్గర జరగాలి. తుంటి గుంత ఆకారం మనిషికీ మనిషికీ తేడా. తుంటి ఇవ్వనిదాన్ని మోకాలి నుంచి లాగితే, మోకాలు మడత బందు లాంటిది, మెలితిప్పడానికి చేసింది కాదు. "మనసుంటే వస్తుంది, ఇంకా తెరువు" అనే గురువు, "ఆడపిల్లలకి ఈ ఆట కుదరదు" అన్న పెద్దమనిషి, ఇద్దరూ ఒకే ప్రశ్న వేసుకోలేదు. ఏది దేన్ని గుద్దుకుంటోంది?

"నొప్పి రావడం లేదు కదా" అంటే అదీ పూర్తి జవాబు కాదు. 1975లో స్కాట్లండ్‌లోని అబర్డీన్‌లో జాన్ హ్యూస్, హాన్స్ కోస్టర్లిట్జ్ పంది మెదడులో ఎన్‌కెఫలిన్లని గుర్తించారు. నొప్పి కబురుని మందగించే న్యూరోపెప్టైడ్లు ఇవి. ఒక్కోటి అయిదు అమైనో ఆమ్లాల చిన్న గొలుసు. అందులో రెండోదీ మూడోదీ గ్లైసీన్లే. అంత స్వేచ్ఛ ఉండటం వల్ల నీళ్ళలో దానికి ఒక స్థిరమైన ఆకారం ఉండదు. గ్రాహకంలో కూర్చున్నాకే ఒక భంగిమకి కుదురుకుంటుంది. శరీరం "కుదరదు" అనే గొంతు నొప్పి. ఆ గొంతుని తగ్గించే ఏర్పాటు కూడా శరీరంలోనే ఉంది. వేదిక మీద, ఉత్సాహంలో వినపడని హెచ్చరిక లేని హెచ్చరిక కాదు.

మరి నిషిద్ధ ప్రాంతంలో నిజంగానే నిలబడ్డవాళ్ళ సంగతేమిటి? ప్రోటీన్లలోనూ ఉన్నారు. నరం నుంచి కండరానికి కబురు చేరాక ఆ కబురు మోసిన రసాయనాన్ని తుడిచేసే ఎంజైము ఎసిటైల్‌కోలిన్‌ఎస్టరేజ్. దాని పని జరిగేది ఒక సెరీన్ దగ్గర. ఆ సెరీన్ పటంలో ఇబ్బందికరమైన చోట, బిగుతుగా వంగి ఉంటుంది. చుట్టూ ఉన్న నిర్మాణం పట్టి ఉంచబట్టే నిలుస్తుంది. అలా నిలవడంలోనే దాని పదును ఉంది. ప్రమాదమూ అక్కడే: పొలాల్లో కొట్టే ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందులు పట్టుకునేది సరిగ్గా ఆ సెరీన్‌నే.

గీత దాటి నిలిచిన ఒక్కరిని చూపించి "చూశారా, కుదిరింది కదా, ఇంక అడ్డేముంది?" అనేవాళ్ళకి నా జవాబు ఇదే. కుదిరింది. కానీ చుట్టూ ఎవరు పట్టుకున్నారు? ఎంత ఒత్తిడి మీద నిలబడ్డారు? ఆ ఆసరా లేని రెండో మనిషికి అదే భంగిమ ఎంత ఖర్చవుతుంది? ఒక మినహాయింపు కుదరదనే మాటని అబద్ధం చేయొచ్చు, కూడదనే మాటని మాత్రం ఒంటరిగా రద్దు చేయలేదు. దానికి బడి పెట్టాలి, పాఠం చెప్పాలి, జీతం ఇవ్వాలి.

కట్టుబాట్లన్నీ పోవాలని నేననడం లేదు. అన్ని కోణాలూ తెరిచి ఉంటే గొలుసు ఆకారం వెతుక్కోవడమే కష్టం. తాళం లేకపోతే అడుగు లేదు. నేనడిగేది నిజాయితీ ఒక్కటే. ఎవరైనా కాదన్నప్పుడు, అది వస్తువు మాటో తమ మాటో వాళ్ళు చెప్పాలి. వస్తువు మాటైతే గుద్దుకునేది చూపిస్తే చాలు, తల వంచుతాం. తమ మాటైతే పక్కన ఇంకో కుర్చీ వేయాలి. ఎందుకంటే ఇక అక్కడ మాట్లాడాల్సినవాళ్ళు ఇద్దరు.