పొలము ఎవరి చేతికి?



ఫ్రాన్సు దేశపు దక్షిణమున సెవెన్ అను కొండసీమ కలదు. 1685లో 14వ లూయీ రాజు ప్రొటెస్టెంటు ఆరాధనను నిషేధింపగా, అక్కడి రైతులు లోయలలోను గుహలలోను రహస్యముగా కూడుకొని ప్రార్థించిరి. ఆ కాలమును తమ అరణ్యకాలమని వారు చెప్పుకొందురు. 1702లో వారు తిరుగబడిరి. మరుసటి యేడు రాజు సైనికులు వారి పల్లెలను వందలకొలదిగా తగులబెట్టిరి. అయినను జనులు మరలివచ్చి గోడలు లేపుకొనిరి.

నిప్పు చేయలేని పనిని తరువాతి కాలము చేసినది. 1850 తరువాత పట్టుపురుగులకు తెగులు తగిలెను. వారికి అన్నమువంటి చెస్ట్‌నట్ చెట్లకు మరియొక తెగులు వచ్చెను. గనులలోను పట్టణములలోను నెలజీతము దొరికినది. యువకులు కొండ దిగిపోయిరి.

ఈ సీమలోను చుట్టుపట్ల కొండలలోను మిగిలిన ముసలి రైతులను రేమోన్ దెపర్దోన్ అను ఛాయాగ్రాహకుడు 2001, 2005, 2008 సంవత్సరములలో వచ్చిన మూడు చలనచిత్రములలో చూపెను. ఆయనయు రైతుబిడ్డయే, 16 ఏండ్లకే ఇల్లు విడిచి పారిసు చేరినవాడు. కెమెరాను వంటయింటి బల్లయొద్ద కదలకుండ నిలిపి, ఒక ప్రశ్న వేసి ఊరకుండును. ముసలివారు చాలసేపు మాటలాడరు. ఆ మౌనమును ఆయన కత్తిరింపలేదు. (పశువులతో బ్రదికినవారి మౌనము ఎట్టిదో మన పెద్దలెరుగుదురు.)

2008 నాటి చిత్రములో పెండ్లిలేని అన్నదమ్ములిద్దరున్నారు. ఇద్దరును ఎనుబది దాటినవారే. వారితో కష్టపడు మేనల్లుడు దూరపు కలే పట్టణపు స్త్రీని వివాహమాడి తెచ్చెను. ముసలివారికది రుచింపలేదు. ఇల్లు నిండవలసిన వేళ ఎందుకీ ముడుచుకొనుట?

యౌవనస్థులు సుఖముకొరకు పారిపోయిరని తీర్పు తీర్చుట సులభము. మేమట్లు తలంపము. పాలు పితుకుటకు సెలవుదినము లేదు. నడివయస్సు వచ్చినను పెద్దల మాట లేక ఒక దూడను అమ్మజాలనివాడు ఎంతకాలము నిలుచును? అట్లని వృద్ధులను మొండివారనుటయు న్యాయము కాదు. మంద తప్ప వేరు లోకమెరుగని వానికి ఆ మందను అప్పగించుట తన్ను తానే అప్పగించుకొనుట.

రూతు గ్రంథములో ఎలీమెలెకు పొలము ఇట్టి చిక్కుననే పడినది. దానిని విడిపింపవలసిన సమీప బంధువు మొదట సరేననెను. మోయాబు స్త్రీయు దానితోడ వచ్చునని వినగానే, తన స్వాస్థ్యము చెడునని వెనుదీసెను. భూమి కావలెను, పరాయి కోడలు అక్కరలేదు! బోయజు రెంటిని కలిపి తీసికొనెను. పొలము ఆ యింటిపేరనే నిలిచినది. సమీప బంధువు చెప్పు తీసి యిచ్చి వెళ్ళిపోయెను. అతని పేరైనను అందు వ్రాయబడలేదు.