సంకల్పం లేని పారాయణం

1987 జనవరి 25, ఆదివారం. దూరదర్శన్‌లో ఉదయం రామానంద్ సాగర్ ‘రామాయణ్’ మొదలైంది. తర్వాత ఏడాదిన్నర పాటు, 78 భాగాలు, ఆ వేళకు వీధులు బోసిపోయేవి. తలస్నానం చేసి వచ్చి కూర్చున్నవాళ్లున్నారు. టీవీకే దండ వేసి హారతి ఇచ్చినవాళ్లూ ఉన్నారు. హిందీ ముక్క రాని తెలుగిళ్లకూ ఇబ్బంది లేదు. విజయవాడ రేడియోలో ఉషశ్రీ గొంతున రామాయణం విన్న చెవులవి. రాముడి పాత్రధారి అరుణ్ గోవిల్ ముఖం మీద కెమెరా నిలిచిపోతే కథ నత్తనడక నడుస్తోందని విమర్శకులు విసుక్కున్నారు. చూసేవాళ్లకు కావలసింది ఆ నిలుపే. వాళ్లకు అది దర్శనం.

2013 ఫిబ్రవరి 1న నెట్‌ఫ్లిక్స్ ‘హౌస్ ఆఫ్ కార్డ్స్’ తొలి సీజన్ 13 భాగాలనూ ఒకేసారి వదిలింది. వారం వారం ఎదురుచూసే పని తప్పింది. మరి పడుకుని, తింటూ, విసుగనిపించిన చోట పది సెకన్లు దాటేస్తూ చూసే చూపులో భక్తికి చోటుంటుందా?

ఉండదని తీర్పు చెప్పడం తేలిక. ఏకబిగిన చూడడమే దోషమైతే పరీక్షిత్తు సంగతేమిటి? తక్షకుడి కాటుకు ఏడు రోజులే గడువని తెలిసి, గంగ ఒడ్డున కూర్చుని, శుకుడి నోట భాగవతమంతా విన్నాడాయన. నేటి సప్తాహాలకు ఆయనే ఒరవడి. కాబట్టి తేడా నిడివిలో లేదు.

పారాయణానికి ముందు సంకల్పం చెప్పుకుంటారు: ఏ సంవత్సరం, ఏ తిథి, ఏ గోత్రం, ఎందుకోసం. రోజుకిన్ని సర్గలని ముందే లెక్క. పౌరాణికులు ఆనాటికి కథ ఆపాలంటే శుభఘట్టం చూసుకుని మంగళం పాడతారు. దశరథుడు కన్నుమూసిన చోట పుస్తకం మూయరు. సీరియల్‌ది సరిగ్గా ఎదురు దారి. ఎక్కడ ఆపితే ఊపిరి బిగబడుతుందో అక్కడే ఆపుతుంది. ఓటీటీ ఇంకాస్త ముందుకెళ్లి, ఒక భాగం అవుతూనే తర్వాతిదాన్ని తనే మొదలుపెడుతుంది. ఇక్కడ చూడడానికి సంకల్పం అక్కర్లేదు, ఆపడానికే కావాలి. బి.ఆర్. చోప్రా ‘మహాభారత్’లో కథ చెప్పేది సాక్షాత్తూ కాలం, హరీష్ భిమానీ గొంతు. ఇప్పుడు ఆ కాలాన్ని కూడా బటన్ నొక్కి దాటెయ్యొచ్చు!

అలాగని ఆనాటి చూపంతా నిర్మలమని చెప్పలేం. సీత పాత్రధారి దీపిక, రావణ పాత్రధారి అరవింద్ త్రివేది 1991లో ఒకే పార్టీ టికెట్ మీద లోక్‌సభకు వెళ్లారు. టీవీ ముందు పట్టిన హారతి ఎటెటు వెళ్లిందో చెప్పడానికి అదొక్కటి చాలు.

2020 మార్చి 28న, లాక్‌డౌన్ వేళ, ‘రామాయణ్’ మళ్లీ వచ్చింది, రోజూ ఉదయం తొమ్మిదికి, రాత్రి తొమ్మిదికి. ఏప్రిల్ 16న 7.7 కోట్ల మంది చూశారని దూరదర్శన్ ప్రకటించింది. కొత్త షూటింగులు లేక చూశారనే మాటలో నిజముంది. అయినా చేతిలో ఫోన్, అందులో నచ్చినప్పుడు చూసుకునే వీలు ఉన్నవాళ్లు కూడా వేళకు వచ్చి కూర్చున్నారు. వాళ్లలో భక్తితో చూసిందెవరో, పొద్దుపోక చూసిందెవరో టీఆర్పీ చెప్పలేదు. ఆ మాటకొస్తే, సప్తాహాల్లో వెనక వరసన కునికేవాళ్ల లెక్క మాత్రం ఎవరు తీశారు?