ఖాళీ గడిలో ఎవరున్నారు?

సైకాలజీ ఎమ్మే విద్యార్థులకు నేను రెండు కోర్సులు చెప్తాను. ఒకటి స్టాటిస్టిక్స్, రెండోది బహుళ సంస్కృతుల అవగాహన. సోమవారం సగటు ఎలా కట్టాలో చెప్తాను. గురువారం ఏ మనిషీ సగటు కాదని చెప్తాను. చాలా ఏళ్ళు ఇందులో నాకే వైరుధ్యమూ కనిపించలేదు.

నా దగ్గర పరిశోధన చేసిన ఒకమ్మాయి వ్యవసాయ కూలీ స్త్రీల ఆత్మగౌరవాన్ని అంశంగా తీసుకుంది. వాడిన ప్రశ్నావళి మోరిస్ రోజెన్‌బర్గ్‌ది. న్యూయార్క్ రాష్ట్రంలో హైస్కూలు పిల్లల మీద పనిచేస్తూ ఆయన తయారుచేశాడు, 1965లో అచ్చయింది. పది వాక్యాలు, ఒక్కోదానికి నాలుగు గడులు. దాన్ని తెలుగు చేసుకుని ఊళ్ళకు వెళ్ళింది. తన మీద తనకు తృప్తి ఉందా అని అడిగే చోట ఒకామె ఆగిపోయింది. "నాతోని నాకేం పని బిడ్డా? నా పిల్లలు సల్లగుంటె నేను సల్లగున్నట్టే" అంది. ఆ మాట నాలుగు గడుల్లో దేనిలోనూ పట్టలేదు. అలాంటి వాళ్ళు పదకొండు మంది.

"ఏం చెయ్యమంటారు మేడమ్?" అని అడిగింది ఆ అమ్మాయి.

"ఖాళీ అని రాసి లెక్కలోంచి తీసెయ్" అన్నాను.

పద్ధతి ప్రకారం అది తప్పు కాదు. డాక్టరేటూ వచ్చింది. ఆ పదకొండు మందే నన్ను వదల్లేదు. వాళ్ళకు ఆత్మగౌరవం లేదా, లేక 'ఆత్మ'కు మేం గీసిన గడి ఇరుకా? ఆమె మాట పితృస్వామ్యం నేర్పిన మాటే కావచ్చు. కానీ అది తేల్చుకోవాలన్నా ముందు ఆ మాట మన కాగితం మీద ఉండాలి కదా! వినమని గురువారం బోధించే నేను, విన్నదాన్ని సోమవారం చెరిపేశాను.

అయితే తప్పు అంకెలది అనలేను. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ వారి ఆరు పత్రికల్లో 2003-2007 మధ్య వచ్చిన పరిశోధనలను జెఫ్రీ ఆర్నెట్ లెక్కవేసి 2008లో ప్రకటించాడు. నమూనాల్లో 68 శాతం అమెరికావి, 96 శాతం పాశ్చాత్య పారిశ్రామిక దేశాలవి. 'మనిషి మనసు' అని మేం చెప్తున్నది ఎవరి మనసో లెక్కే బయటపెట్టింది. పురుషుల్లో వైవిధ్యం ఎక్కువ, అందుకే మేధావులు వాళ్ళలోనే పుడతారని పండితులు వాదిస్తున్న రోజుల్లో, లీటా హాలింగ్‌వర్త్, హెలెన్ మాంటేగ్ వెయ్యిమంది మగ, వెయ్యిమంది ఆడ పురిటిబిడ్డల కొలతలు పోల్చి చూశారు. మగపిల్లల్లో వైవిధ్యం ఎక్కువేమీ లేదని 1914లో చూపించారు. కొలిచే పరికరం వాళ్ళ చేతిలోనూ అదే. మారింది ప్రశ్న.

లెక్కలోంచి ఒకరిని తీసెయ్యడం గణితం ఒక్కటే కాదు, నైతిక నిర్ణయం కూడా. ఇప్పుడు మా స్టాటిస్టిక్స్ క్లాసులో సగటు కట్టేముందు, తీసేస్తున్న వాళ్ళు ఏమన్నారో పైకి చదవాలి, ఎందుకు తీస్తున్నామో రాయాలి. విద్యార్థులు సిలబస్ వెనకబడుతోందని విసుక్కుంటారు. నిజమే, వెనకబడుతోంది.

లైబ్రరీలోని ఆ థీసిస్‌లో మాత్రం 'ఖాళీ: 11' అనే ఉంది. కింద మార్గదర్శకురాలిగా నా సంతకం.